పౌర జీవనం: సూరత్ ఆటో – ప్రయాణికుని తృప్తి

తాపీ నదీ తీరంలోని సూరత్ అనగానే మన పాఠకులకు వజ్రాల సానపట్టుడు, జరీ చీరలు స్ఫురించుట సహజం. ఆ నగరపు మరమగ్గాల వెనుక వేలాది తెలుగు చేతులున్నవన్న సంగతి కొందరికే తెలుసు. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ మున్నగు పేటలలో తరతరాలుగా స్థిరపడినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించుకొనవచ్చును. ఈ కుటుంబాలు బజారుకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా చిరకాలంగా నమ్ముకొన్నది మూడు చక్రాల ఆటోనే.

మనం షేర్ ఆటో అనే దానిని గుజరాత్‌లో 'షటల్' అంటారు. మీటరుతో పనిలేదు. రైల్వే స్టేషను నుండి ఉధ్నా వైపో, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల వైపో తలకింత చొప్పున చెల్లించి కూర్చొనడమే. చేయి ఎత్తిన చోటే స్టాపు. డ్రైవరు గాక ముగ్గురే ఎక్కాలన్నది నిబంధన. అతని సీటుకు అటొకరు ఇటొకరు అంటుకొని కూర్చొనేవారిని ఏ పద్దులో వ్రాయాలో రవాణా శాఖ వారే సెలవియ్యాలి.

ఇంతటి అవసరం ఎట్లు కలిగినది? 1994 నాటి ప్లేగు భయోత్పాతం తరువాత, 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు ఆక్రమణలను తొలగించి వీధులను విశాలం చేయించినారు. వీధులు వచ్చినవి గాని, వాటిపై తిరుగుటకు చాలినన్ని బస్సులు రాలేదు. 2001లో 24 లక్షలున్న జనాభా, పొలిమేరల విస్తరణతో కలిసి 2011 నాటికి 44 లక్షలు దాటినది. 2014లో బి.ఆర్.టి.ఎస్. బస్సులు ప్రారంభమగునంత వరకు ఆ లోటును పూడ్చినవి ముఖ్యంగా ఆటోలే.

సేవల నాణ్యతను కొలుచుటకు పరశురామన్, జైథామల్, బెర్రీ అను ముగ్గురు ఆచార్యులు 1988లో 'సర్వ్‌క్వాల్' అనే కొలబద్దను ప్రకటించినారు. కంటికి కనిపించే వసతులు, మాట నిలకడ, సత్వర స్పందన, భరోసా, వ్యక్తిగత శ్రద్ధ అను అయిదు అంశాలలో, ఆశించిన దానికి, పొందిన దానికి గల అంతరమే అందులో లెక్క. కొలబద్ద మంచిదే. అయితే పన్నెండు గంటల షిఫ్టు ముగించి మగ్గాల హోరు ఇంకా చెవుల్లో మ్రోగుచుండగా రోడ్డెక్కిన కార్మికుడు ఆశించేది ఏమి? బండి దొరకడం, ఇంటికి చేరడం, అంతే. అంత స్వల్పమైన ఆశకు అంతరమూ స్వల్పమే. ప్రశ్నపత్రంలో అతడు 'తృప్తి' గడిలో టిక్కు పెడతాడు. దానిని చూచి అధికారులు సంతోషిస్తే అది కాగితపు సంతోషమే.

మరొక చిక్కు కలదు. సర్వే చేయువారు ఆటోలో కూర్చున్న వారినే అడుగుతారు. అపరిచితుల నడుమ ఇరుక్కొని కూర్చొనడానికి జంకి రాత్రివేళ ప్రయాణమే మానుకొన్న ఇల్లాలు ఆ లెక్కలోకి రాదు. వానాకాలంలో లింబాయత్ 'గర్నాలా', అనగా రైలు కట్ట క్రింది దారి, నీట మునిగినప్పుడు ఇవతలే నిలిచిపోయిన విద్యార్థీ రాడు.

ఇందులో డ్రైవరును దోషిగా నిలపడం న్యాయం కాదు. సీటు నిండే దాకా బండి కదలదని మనం విసుక్కొంటాము. ఖాళీ సీటు అతని రాత్రి భోజనంలో కోత. సి.ఎన్.జి. వచ్చి ఇంధనపు ఖర్చు కొంత తగ్గించినా, బండి కంతు, మరమ్మతులు ఆగవు కదా. కూడళ్ళలో దూరాన్ని బట్టి తలసరి ఛార్జీల పట్టిక వ్రాయించి, ఎక్కే చోట ఒక దీపం వెలిగిస్తే ఇరువురికీ సగం తగవు తీరుతుంది. దీనికి గొప్ప నిధులేమీ అక్కరలేదు.

2021లో సూరత్ మెట్రోకు శంకుస్థాపన జరిగినది. ఆ రైలు దిగిన వారు కూడ లింబాయత్ సందుల్లోని ఇంటికి చేరుటకు మరల ఆటో కోసమే చేయి ఎత్తవలసి ఉంటుంది.