ఎవరి పని వారు చేసినను

గత సంవత్సరము పరీక్షరుసుము చెల్లించు తుదిదినమున మా తరగతి బాలు డొకని తండ్రిగారు కూలిపని మానుకొని నెట్ సెంటరుకడ నిలిచియుండిరి. బ్యాంకులెక్కనుండి సొమ్ము పోయెను. రశీదు మాత్రము రాలేదు. బ్యాంకువారు తమవలన లోపము లేదనిరి. రుసుము గైకొను కార్యాలయమువారు తమ సర్వరు చక్కగా నున్నదనిరి. ఇరువురును సత్యమునే పలికియుందురు. గడువు దాటునను భయమున ఆయన అప్పుచేసి మరల చెల్లించిరి.

నేటి సాఫ్టువేరు పెక్కుచోట్ల ఒకే యంత్రమువంటిది కాదు. పేరు సరిచూచునది యొకటి, సొమ్ము పుచ్చుకొనునది యొకటి, రశీదు వ్రాయునది వేరొకటి. ఇట్టి చిన్నసేవలు ఒండొంటికి సందేశములు పంపుకొనుచు పని ముగించును. ఒక్కొక్కదానిని విడిగా పరీక్షించి బాగున్నదనుట సులభము. మన యాటస్థలమున రిలే పందెము చూచినవా రెఱుగుదురు: నలుగురును వడిగా పరుగెత్తువారే యైనను కఱ్ఱ చేతులు మారుచోట జారిపడును.

పై తరగతులవారు ఈ లెక్క చేసి చూడుడు. వేయిగంటలలో ఒక్కగంట మాత్రమే నిలిచిపోవు సేవను మంచిదే యనవచ్చును. ఒక పనికి అట్టివి పది కావలసియుండి, ఒకదానితో నొకటి నిమిత్తము లేక చెడుచుండినచో, ఆ పని వేయింట సుమారు పదిగంటలు ఆగిపోవును. ఏడాదికి మూడున్నర దినములకు పైమాట.

2017 ఫిబ్రవరి 28న అమెరికాలో ఉత్తర వర్జీనియాయందలి అమెజానువారి ఎస్‌3 అను నిల్వసేవ సుమారు నాలుగుగంటలు స్తంభించెను. బిల్లులలెక్క చూచు భాగము మందగించినదని దానిని సరిచేయబూనిన ఉద్యోగి ఆజ్ఞలో ఒక యంశమును తప్పుగా నిచ్చుటచే, కొన్ని సర్వరులకు మారుగా పెక్కు తొలగింపబడెను. దాని నాధారము చేసికొన్న వెబ్‌సైటులును ఇతరసేవలును కూలెను. నాకు మిక్కిలి విస్మయము గలిగించినది వేరు. ఏ సేవ యెట్లున్నదో ప్రజలకు తెలుపు ఫలకముకూడ ఎస్‌3 మీదనే ఆధారపడియుండెను. దాదాపు రెండుగంటలు అది లోపమును చూపజాలకపోయెను. ఇల్లు తగులబడుచుండ గంట కొట్టబోయినవానికి గంటత్రాడు ఆ యింటనే యున్నట్లు!

ఆ యుద్యోగిని నిందించువారితో నేనేకీభవింపను. చేయి తప్పుట మానవసహజము; ఒక్క తప్పునకు అంతయు కూలునట్లు కట్టుట కట్టడపు లోపము. పిదప ఆ సంస్థవారు తమ పరికరము సర్వరులను మెల్లగా మాత్రమే తొలగించునట్లును, కనీససంఖ్యకు దిగువకు పోనీయకుండునట్లును మార్చిరి. నెట్‌ఫ్లిక్సువారు ఇంకొక త్రోవ త్రొక్కిరి. కేయాస్ మంకీ యను ప్రోగ్రాముచే పనివేళలందే తమ సర్వరులను తామే ఆపించి, తక్కినవి నిలుచునో లేదో చూచిరి. 2012లో దానిని ఎల్లరకును ఉచితముగా నొసగిరి. వెఱ్ఱిగా తోచును గాని, నా యభిప్రాయమున నిజమైన పరీక్ష అదియే. పొరుగుసేవ పలుకనపుడు ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయించి సరిచూడని సాఫ్టువేరును పరీక్షింపబడినదని నేనొప్పుకొనను.

రుసుముల విషయమున ఇది అసాధ్యమేమియు కాదు. ప్రతి చెల్లింపునకు ఒక సంఖ్య నీయవలెను; అదే సంఖ్య మరల వచ్చినచో రెండవమారు సొమ్ము తీయరాదు; రశీదు పుట్టనిచో సొమ్ము ఆనాడే మరలిపోవలెను. ఆ తండ్రిగారి సొమ్ము పదునొకండవ దినమున తిరిగివచ్చినది. అప్పుపై వడ్డీ మాత్రము ఆయనయే యిచ్చుకొనిరి.