నూనె ప్యాకెట్: ధర తక్కువైనా ఖర్చు ఎక్కువే!

బిలాస్‌పుర్‌లోని తెలిపారా పేరులోనే నూనె ఉంది. ‘తేలీ’ అంటే నూనె తీసే వృత్తివారు. ‘పారా’ అంటే పేట. మన గాండ్లవారి వీధి వంటిదే. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఈ ఛత్తీస్‌గఢ్ నగరంలోనైనా, తెలుగు రాష్ట్రాల్లోనైనా సరుకుల ఖర్చు తగ్గించుకోవాలనుకునే వారిని తికమకపెట్టే వస్తువుల్లో నూనె ప్యాకెట్ ఒకటి.

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం నెలవారీ ఖర్చులో ఆహారం వాటా గ్రామాల్లో సుమారు 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం. అందువల్ల కిలోకు నాలుగైదు రూపాయల తేడా కూడా చిన్నదేమీ కాదు.

ఒకప్పుడు నూనె, టీ పొడి, బిస్కెట్లు వంటి సరుకులను చట్టం నిర్దేశించిన పరిమాణాల్లోనే ప్యాక్ చేయాల్సి వచ్చేది. 2021 నవంబరులో కేంద్రం ఆ నిబంధనను తొలగించింది. బదులుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో తెలిపే ‘యూనిట్ ధర’ను ముద్రించాలని ఆదేశించింది. పలుమార్లు గడువు పొడిగించాక 2024 జనవరి నుంచి ఇది తప్పనిసరి అయింది. తయారీదారుకు పరిమాణం ఎంచుకునే స్వేచ్ఛ దక్కింది. లెక్క చూసుకునే భారం వినియోగదారుపై పడింది.

ఒక ఉదాహరణ చూద్దాం. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. దాని ధర రూ.150 అనుకుంటే కిలో దాదాపు రూ.165 పడుతుంది. పక్కనే 850 గ్రాముల ప్యాకెట్ రూ.145కు దొరికితే చేయి అటే పోతుంది. కానీ అక్కడ కిలో ధర రూ.170కి పైమాటే. అయిదు రూపాయలు మిగిలాయనుకున్న వారు నిజానికి కిలోకు అయిదు రూపాయలకు పైగా అదనంగా చెల్లించినట్లు.

బియ్యం, పప్పుల విషయంలో పన్ను లెక్క కూడా ఉంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన ప్యాకెట్లపై 5 శాతం జీఎస్టీ ఉంది. విడిగా తూచి ఇచ్చే వాటికి లేదు. తెలుగు రాష్ట్రాల దుకాణాల్లో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. ఇద్దరు ముగ్గురు పొరుగువారు కలిసి ఒక బస్తా పంచుకుంటే పన్ను మిగులుతుంది. అయితే విడి సరుకులో నాణ్యత, తూకం కొనేవారే చూసుకోవాలి. నూనెకు ఈ వెసులుబాటు లేదు. రాష్ట్ర ప్రభుత్వం మినహాయిస్తే తప్ప విడిగా అమ్మడాన్ని ఆహార భద్రతా నిబంధనలు అనుమతించవు.

ఇక్కడే అసలు అన్యాయం ఉంది. రోజు కూలీతో బతికేవారు బస్తా కొనలేరు. ఏ పూటకు ఆ పూట చిన్న ప్యాకెట్ కొంటారు. యూనిట్ ధర చూసినా పెద్ద ప్యాకెట్‌కు చేతిలో డబ్బుండదు. అందుకే పొదుపును కేవలం తెలివితేటలకు సంబంధించిన విషయంగా చూడటం సరికాదు. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు కింద ఆహార భద్రత కార్డుదారులు సొంత రాష్ట్రం దాటినా తమ వాటా ధాన్యం తీసుకోవచ్చు. వలస కుటుంబాలకు ఏ రాయితీ ప్యాకెట్ కన్నా అదే పెద్ద ఊరట.

దుకాణాల్లో యూనిట్ ధరను స్పష్టంగా చూపాలని యూరోపియన్ యూనియన్ 1998లోనే ఆదేశించింది. మన దగ్గర ఆ అంకె ప్యాకెట్ మూలన చిన్న అక్షరాల్లో ఉంటే చట్టం ఉద్దేశం నెరవేరదు. దాన్ని గరిష్ఠ చిల్లర ధర పక్కనే, అంతే సైజులో ముద్రించాలి. అంతవరకు ఆ అంకెను వెతికి చూడటం అలవాటు చేసుకోవాలి. అది ముద్రించని ప్యాకెట్ కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు.