గుమ్మం దగ్గర ఎవరు నిలబడాలి?

మాఘమాసం వచ్చిందంటే మా బెజవాడలో బందరు రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. పటమట దాటిన దగ్గర్నుంచి కంకిపాడు దాకా ఏ కల్యాణమండపం చూసినా దీపాల తోరణాలు, మేళాలు, రోడ్డు మీదికి వచ్చేసిన కార్లు. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. కొత్తగా వచ్చింది ఒకటుంది. వెనకటికి గుమ్మం దగ్గర పన్నీరు చల్లే పిల్లలు నిలబడేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకంటే ముందు గేటు దగ్గర నల్ల చొక్కాలు వేసుకున్న కుర్రాళ్ళు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. సినిమా వాళ్ళకీ, రాజకీయ నాయకులకీ ఉండే బౌన్సర్లు మనలాంటి మధ్యతరగతి పెళ్ళిళ్ళకీ వచ్చేశారు.

వాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. తీరా మా అమ్మాయి పెళ్ళికి మేమూ పెట్టించాం. ఎందుకు పెట్టించామో, ఏం జరిగిందో చెబుతాను. తర్వాత నా అభిప్రాయం చెబుతాను. మీకు నచ్చకపోతే వాదించండి, తప్పులేదు.

దీనికి రెండేళ్ళ ముందు మా బావగారి అమ్మాయి పెళ్ళి జరిగింది. చదివింపుల బల్ల దగ్గర మా బాబాయిగారు కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి, కళ్ళు సరిగ్గా ఆనవు. కవర్లన్నీ ఒక చేతిసంచీలో వేస్తున్నారు. తలంబ్రాల వేళ అందరూ మండపం మీదికి ఎగబడ్డారు కదా, అప్పుడు పట్టుచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, "మీరు కూడా వెళ్ళి అక్షింతలు వేసి రండి బాబాయిగారూ, సంచీ నేను లోపల పెట్టిస్తాను" అన్నాడట. బాబాయిగారు మగపెళ్ళివారి మనిషి అనుకున్నారు. మగపెళ్ళివారిని అడిగితే మీ మనిషే అనుకున్నామన్నారు. వీడియోలో ఆయన మూడుచోట్ల కనిపించాడు, ఒకచోట మా బావగారితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు కూడా! మనిషీ లేడు, సంచీ లేదు.

డబ్బు పోతే పోయింది. కవర్లతోపాటు వాటిమీద రాసిన పేర్లు కూడా పోయాయి. ఎవరు ఎంత చదివించారో తెలియదు. రేపు వాళ్ళింట్లో పెళ్ళికి మనం ఎంత చదివించాలి? చదివింపు అంటే తిరిగి ఇవ్వాల్సిన మర్యాద. ఆ లెక్క పోయినందుకు మా అక్క ఇప్పటికీ ఏ శుభలేఖ వచ్చినా కంగారు పడుతుంది.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. సంచీ పోయిందని తెలియగానే ఎవరో అన్నారు, వంటవాళ్ళని చూడండని. వడ్డనకి వచ్చిన పిల్లలు, ఇరవై దాటని ఆడపిల్లలు, వాళ్ళ సంచులు తీయించి వెతికారు. మాసిన చున్నీలు, ఒక దువ్వెన, ఇంటికి తీసుకెళదామని దాచుకున్న నాలుగు లడ్లు బయటపడ్డాయి. ఆ లడ్లు చూపించి ఒకావిడ, "చూశారా!" అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే ఆ రోజు మాట్లాడనందుకే.

అందుకని మా అమ్మాయి పెళ్ళి అనుకోగానే మావారు, "ఈసారి సెక్యూరిటీ పెట్టాల్సిందే" అన్నారు. నేనూ సరేనన్నాను. నలుగుర్ని మాట్లాడారు. గేటు దగ్గర ఇద్దరు, చదివింపుల దగ్గర ఒకరు, పెళ్ళికూతురి గది దగ్గర ఒకరు. శుభలేఖ చూపించనివాళ్ళని లోపలికి పంపొద్దని గట్టిగా చెప్పారు. ఈ మాట మా ఇంట్లోంచే వెళ్ళిందని గుర్తుపెట్టుకోండి.

మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ, నాగాయలంక దగ్గర పల్లెలో ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వాళ్ళ ఇల్లూ గొడ్డూ గోదా అన్నీ కొట్టుకుపోతే మా అమ్మ దగ్గరికి వచ్చి రెండేళ్ళు ఉంది. నేను పుట్టింది ఆ మరుసటి ఏడాదే. నాకు లాల పోసిందీ, జోల పాడిందీ ఆవిడే. పెళ్ళికి కారు పంపిస్తామంటే వద్దంది. అవనిగడ్డలో బస్సెక్కి, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు మీదుగా వచ్చి, మండపం దగ్గర దిగింది. చేతిలో గుడ్డసంచీ, అందులో సున్నుండల డబ్బా, నూట పదహార్లు పెట్టిన కవరు. నూలు చీర. కాళ్ళకి హవాయి చెప్పులు. శుభలేఖ ఇంట్లో దేవుడి పటం వెనకాల ఉంది. పెళ్ళికి వచ్చేటప్పుడు శుభలేఖ చేతపట్టుకుని రావాలని డెబ్భై ఆరేళ్ళలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు మరి.

జీలకర్ర బెల్లం అయింది, మాంగల్యధారణ అయింది, తలంబ్రాలు అయ్యాయి. పెద్దమ్మ ఏదని నేను వెతుకుతూ గేటు దాకా వెళితే, బయట జనరేటరు పక్కన బండమీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "పెళ్ళి అయిందా అమ్మా? మేళం గట్టిగా వాయిస్తే ఇక్కడినుంచే అక్షింతలు వేశాలే" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే నా ప్రాణానికి వచ్చింది.

ఆ గేటు కుర్రాణ్ణి నాలుగు దులిపేద్దామని తిరిగాను. వాడు నా మొహం చూసి ముందే, "కార్డు లేదమ్మా. ఎవరి తాలూకు అంటే మా పిల్ల పెళ్ళి అంటుంది గానీ పేరు చెప్పలేదు. కార్డు లేనివాళ్ళని పంపితే నా డబ్బులు కోసేస్తామన్నారు" అన్నాడు. మధ్యాహ్నం మూడింటినుంచి నిలబడే ఉన్నాడట. భోజనం చేశావా అంటే తల అడ్డంగా ఊపాడు. ఎనిమిది వందలమంది తిన్న పెళ్ళిలో, గుమ్మంలో నిలబెట్టిన మనిషికి మంచినీళ్ళిచ్చిన దిక్కు లేదు. ఇంక వాణ్ణి ఏమని తిట్టను?

ఇప్పుడు ఆలోచించండి. అంతకుముందు పెళ్ళిలో సంచీ పట్టుకుపోయిన ఆయన ఆ రోజు మా గేటు దగ్గరికి వచ్చి ఉంటే ఏమయ్యేది? పట్టుచొక్కా, చేతిలో పూలగుత్తి, మొహాన చిరునవ్వు. మా గార్డే దారిచ్చి నమస్కారం పెట్టేవాడు. తెలియని మనిషిని గేటు దగ్గర పెడితే అతను బట్టల్ని తప్ప మనుషుల్ని గుర్తుపట్టలేడు. దొంగకి బట్టలు కొనుక్కోవడం తెలుసు. పేదచుట్టానికి తెలియదు.

ఇంకో తమాషా ఉంది. మన శుభలేఖల్లో "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని అచ్చు వేయిస్తాం. ఒక్క శుభలేఖ పుచ్చుకుని ఇంటిల్లిపాదీ, పక్కింటి పిన్నిగారితో సహా రావాలనే కదా దాని అర్థం! అలా పిలిచి, గేటు దగ్గర మనిషికో కార్డు అడిగితే అది పిలుపు ఎలా అవుతుంది?

మా తమ్ముడు సింగపూర్‌లో ఉంటాడు. తోటి ఉద్యోగి పెళ్ళివిందుకి వెళ్ళొచ్చి ఫోనులో చెప్పాడు. చైనావాళ్ళ పెళ్ళి. హోటల్లో విందు, బల్లకి పదిమంది చొప్పున గుండ్రటి బల్లలు, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో ముందే రాసి ఉంటుంది. చదివింపులు ఎర్ర కవర్లలో పెట్టి ఇస్తారు, హాంగ్‌బావ్ అంటారు. మనం నూట పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు అని సున్నాతో ముగియకుండా చూసుకుంటాం. వాళ్ళు శుభకార్యాలకి సరిసంఖ్యలు చూస్తారట, నాలుగు మాత్రం వద్దంటారు, ఆ మాట వాళ్ళ భాషలో చావు అన్నట్టు వినిపిస్తుందని. హాలు ముందర బల్ల వేసుకుని దగ్గరి బంధువులు ఇద్దరు కూర్చుంటారు. వచ్చినవాళ్ళ పేరు జాబితాలో చూసి, బల్ల నంబరు చెప్పి, కవరు తాళం వేసిన పెట్టెలో వేయిస్తారు. "అక్కడ దొంగలు లేరా?" అన్నాను. "ఎందుకు లేరక్కా, కొందరు గార్డుల్ని కూడా పెట్టుకుంటారు. కానీ మనుషుల్ని గుర్తుపట్టే బల్ల దగ్గర మాత్రం చుట్టాలే ఉంటారు" అన్నాడు.

ఆ మాట నాకు బాగా పట్టింది. గార్డు పెట్టెకి కాపలా. మనుషుల్ని పలకరించేది ఇంటివాళ్ళు.

నిజానికి ఇది మనకి తెలియని విద్యేం కాదు. చదివింపులు అనే మాటే చూడండి. ఫలానావారు ఇంత ఇచ్చారని అందరికీ వినపడేలా చదివేవాళ్ళు కాబట్టే అవి చదివింపులు. ఒకరు చదవడం, ఒకరు పుస్తకంలో రాయడం, పందిట్లో వందమంది వినడం. అంతకంటే గట్టి సెక్యూరిటీ ఏముంటుంది? కవర్లు వచ్చాక చదవడం మానేశాం. ఎవరు ఎంతిచ్చారో నలుగురికీ తెలియడం నామోషీ అనుకున్నాం. ఆ అనుకోవడంలో మంచి కూడా ఉంది, తక్కువ ఇచ్చినవాళ్ళు చిన్నబోకుండా. కానీ పుస్తకంలో రాయడం కూడా మానేసి, కవర్లు సంచీలో పోసి, కళ్ళు ఆనని పెద్దాయన చేతికిచ్చాం. తప్పు అక్కడుంది.

పాతకాలమంతా సత్యకాలమని నేననను. బియ్యేలో తెలుగు చదువుకున్నదాన్ని, కన్యాశుల్కం మర్చిపోతానా? పెళ్ళికి ఎరువు తెచ్చిన మధురవాణి కంటె కోసం రామప్ప పంతులు పడిన పాట్లు మనందరికీ తెలిసినవే. 1957లో వచ్చిన మాయాబజార్‌లో అయితే ఘటోత్కచుడు ఏకంగా పెళ్ళికూతురి రూపంలోనే వచ్చి కూర్చున్నాడు. ఏ బౌన్సరు ఆపగలడు చెప్పండి! పెళ్ళన్నాక పిలవనివాళ్ళు, పట్టుకుపోయేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు.

అందుకని గార్డులు వద్దని నేను అనను. మావారు అన్నదాంట్లో నిజం ఉంది. ఊళ్ళో పెళ్ళికి ఊరంతా కాపలా. ఇక్కడ మండపంలో పక్కన కూర్చున్న మనిషి ఎవరో తెలియదు. ఒంటినిండా బంగారంతో ఆడపిల్ల ఒక గదిలో ఉంటుంది. రాత్రి ముహూర్తాలకి తాగి వచ్చేవాళ్ళూ ఉంటారు. గార్డు కావాలి. అతన్ని ఎక్కడ పెట్టాలి అన్నదే నా వాదన.

పెళ్ళికూతురి గది తలుపు దగ్గర పెట్టండి. చదివింపుల పెట్టె పక్కన పెట్టండి. కార్లు ఆపేచోట పెట్టండి. గేటు దగ్గర మాత్రం మీ తరఫు ఒకరు, మగపెళ్ళివారి తరఫు ఒకరు, చుట్టరికాలు నోటికి వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. "మీరు ఎవరి తాలూకండీ?" అని నవ్వుతూ అడిగితే అది మర్యాదగానూ ఉంటుంది, కాపలాగానూ ఉంటుంది. చుట్టం ఆ ప్రశ్నకి పొంగిపోయి మూడు తరాలు చెబుతుంది. దొంగ నీళ్ళు నములుతాడు. మా పెళ్ళిలో ఆ కుర్చీలో మా బాబాయిగారు ఉండి ఉంటే, కళ్ళు ఆనకపోయినా మా పెద్దమ్మ గొంతు గుర్తుపట్టేవారు.

చదివింపులకి సంచీ వద్దు. తాళం ఉన్న పెట్టె, పుస్తకం, రాయడానికి వయసులో ఉన్న మనిషి. ఆ రాసేవాళ్ళు ముహూర్తం చూడాలంటే ఇంకొకరు వచ్చి కూర్చున్నాకే లేవాలి. ఇప్పుడు కొందరు బల్లమీద ఫోన్‌పే కోడ్ కూడా పెడుతున్నారు. నామోషీ అనుకోకండి, పేరుతో సహా లెక్క ఉంటుంది.

గార్డుల్ని మాట్లాడేటప్పుడు ఎవరో చెప్పారని నలుగురు కండలున్న కుర్రాళ్ళని తెచ్చుకోకండి. దీనికి 2005లో చేసిన చట్టం ఉంది, ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం. ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. గార్డుకి పద్దెనిమిదేళ్ళు నిండాలి, ఫొటో ఉన్న గుర్తింపుకార్డు ఉండాలి. 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు కొత్తగా చేరినవాళ్ళకి 100 గంటల పాఠాలు, 60 గంటల ప్రత్యక్ష శిక్షణ ఉండాలన్నాయి. లైసెన్సు చూపించమని అడగడం మన హక్కు. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం కదా, ఆ బంగారానికి కాపలా ఉండేవాళ్ళ కాగితం చూడొద్దా?

ఆ గార్డుకి మొదటి బంతిలోనే భోజనం పెట్టండి. కుర్చీ వేయండి. ఆకలితో కాళ్ళు పీకుతూ నిలబడ్డ మనిషి మన సొమ్ముని ఎంత శ్రద్ధగా చూస్తాడు? ఏదైనా పోతే పోలీసులకి ఫోను చేయండి, 112 ఉంది. అంతేగానీ వడ్డన పిల్లల సంచుల మీద పడకండి. మనం పెట్టె జాగ్రత్త చేసుకోకపోతే అది వాళ్ళ నేరమా?

ఆ రాత్రి పెద్దమ్మని లోపలికి తీసుకెళ్ళి పెళ్ళిపీటల దగ్గర కూర్చోబెట్టాను. మా అమ్మాయీ అల్లుడూ కాళ్ళకి దణ్ణం పెట్టారు. నూట పదహార్ల కవరు తీసి ఇవ్వబోయి, "బల్ల దగ్గర రాయించాలేమోనే" అంది. తనే వెళ్ళి పేరు చెప్పి రాయించుకుని వచ్చింది. తర్వాత సున్నుండల డబ్బా మూత తీసి, గేటు దగ్గర కుర్రాడికి రెండు ఇచ్చి రమ్మని నన్ను పంపింది. వాడు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

మా ఇంట్లో ఇంకో పెళ్ళి ఉంది, మా అబ్బాయిది. గార్డుల్ని పెడతాం. గేటు దగ్గర కుర్చీలో మాత్రం నేనే కూర్చుంటాను.