విహారయాత్రకు ఎట్టి గాలము?

అర్ధ సంవత్సర పరీక్షల తరువాతి సెలవులలో పై తరగతుల విద్యార్థులను ప్రళయకావేరి యొడ్డునకు తీసికొనిపోవ తలపెట్టిన వార్త పొక్కినది మొదలు మాకు తీరిక లేదు. ఏమి తినవలెను, ఎక్కడ పండుకొనవలెను అని యడిగినవారు తక్కువ. గాలములను గూర్చి యడిగినవారే యెక్కువ. ఒక తండ్రిగారు మాత్రము మమ్ము మార్గమధ్యమున నిలిపి, "అంగడిలో చూచిన రీలు కర్ర కొనిపెట్టుమని మావాడు పోరుచున్నాడండీ. నా నెల జీతములో నాలుగవ వంతు దానికే పోవును. అది లేకున్న వాడు తోటివారిలో చిన్నబోవునేమో. కొనవలెనా?" అని యడిగినారు. ఆయనకు చెప్పిన సమాధానమునే ఇచ్చట వ్రాయుచున్నాము. కొనవలదు.

పిసినారితనముచే ఇట్లనుట లేదు. ప్రయాణము ఎట్టిదో చూడుడు. సెంట్రలు ప్రక్కనుండి గుమ్మిడిపూండి పోవు లోకలు రైలులో నిలువబడి పొన్నేరి చేరవలెను. అచ్చటినుండి బస్సు. బస్సు దిగిన పిమ్మట వీపున సంచితో ఇసుకలో నడక. ఆ సంచిలో నీరు, బియ్యము, దుప్పటి, మందులు ఉండితీరవలెను. చేపలు పట్టు సరంజామా వీనికి మిగిలిన మూలలో ఇముడవలసినదే కాని వీనిని వెలికి నెట్టరాదు. రెండేండ్ల క్రిందట మేమును ఒక పొడవాటి కర్రను మోసికొనిపోయితిమి. బస్సు తలుపు దాని కొనను విరిచినది. మిగిలిన మొండెమును రెండు దినములు భుజమున మోసి, బట్టలారవేసికొనుటకు వాడితిమి.

ఒకదానిలో నొకటి దూరు గొట్టముల కర్రలున్నవి కదా యని కొందరందురు. ఉన్నవి. ముడిచిన మూరెడు కూడ ఉండవు. జపాను దేశమున కొండయేళ్ళలో చేపలు పట్టువారు 'టెంకరా' యను పద్ధతిలో అట్టి తేలిక కర్రకొననే దారము కట్టుదురు. రీలు అనునదే లేదు. కొండనీటికి అది మిక్కిలి చక్కని సాధనము. ప్రళయకావేరిది కొండనీరు కాదు. సముద్రపు పోటుతో ఉప్పెక్కి, వానలకును, ఆరణి, కాళంగి నదుల వరదలకును చప్పబడు నీరది. ఒడ్డంతయు సన్నని ఇసుక. ఒక్క రేణువు గొట్టముల అతుకులలో దూరెనా, కర్ర ముడువబడదు. ఉప్పు తగిలిన రీలును ఆ సాయంకాలమే మంచినీటితో కడుగకున్న త్రుప్పు పట్టును. త్రాగుటకే నీరు మోసికొనిపోవు చోట రీలు కడుగుటకు నీరేది?

ఇక చేతిగాలము సంగతి. గణితమున్నచో పిల్లలు నమ్ముదురు కనుక లెక్కయే చూపెదము. 0.35 మిల్లీమీటర్ల మందము గల నైలాను దారము 50 మీటర్లు తీసికొనుడు. దాని ఘనపరిమాణము ఐదు ఘన సెంటీమీటర్లకు లోపే. నైలాను సాంద్రత నీటికంటె కొంచెమే యెక్కువ. అనగా దారమంతయు ఆరు గ్రాములు తూగదు! అర డజను గాలములు, ఒక బెండు, దారము చుట్టుటకు జానెడు వెదురుముక్క కలిపినను ఒక జామకాయ బరువుండదు. 1935లో నైలాను కనుగొనబడుటకు పూర్వము పట్టు, నూలు, గుఱ్ఱపు వెండ్రుకలు వాడెడివారు. ఆ దారములను ప్రతిదినము ఆరబెట్టనిదే చివికిపోయెడివి. ఆ శ్రమ మనకు తప్పినది. ముడి వేయునపుడు మాత్రము బిగించుటకు ముందు దారమును తడుపవలెను. పొడిగా బిగించిన రాపిడికి వేడెక్కి ముడియొద్దనే తెగును. పెద్ద చేప తప్పిపోయినదని చెప్పు కథలలో సగము ఈ ముడి కథలే యని మా అనుమానము.

ఈ వినోదము తెల్లదొరలు తెచ్చినదని కొందరి భ్రమ. పండ్రెండవ శతాబ్దిలోనే కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున చేపలకు మేత చల్లుట, ఎర గ్రుచ్చుట, గాలము వేయుటలను రాజవినోదములలో చేర్చి వర్ణించినాడు. దొరలలోను తెలిసినవారు లేకపోలేదు. మద్రాసు సివిలు సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ఈ దేశపు గాలపు వేటపై ఒక గ్రంథము ప్రకటించెను. రాజునకును దొరకును సరంజామా మోయుటకు సేవకులుండిరి. మన పిల్లలకు లేరు.

ఒక్క విషయమున మాత్రము బరువు తగ్గింపవలెనని గాక మఱియొక కారణముచే చెప్పవలసియున్నది. గాలమునకు కట్టు సీసపు గుండ్లు వలదు. తెగి నీటిలో పడిన గుండ్లను మేతతోపాటు మ్రింగి హంసలు విషమెక్కి చచ్చుచుండుటచే బ్రిటనులో 1987లో చిన్న సీసపు గుండ్ల వాడకమును నిషేధించిరి. శీతకాలమున ప్రళయకావేరిలో వేలకొలది రాజహంసలు బురదను గాలించి మేయుచుండును. సీసమునకు బదులు ఇనుప నట్టు కట్టుడు. తెగిన దారమును గుప్పెడైనను అచ్చట వదలక తిరిగి తెండు. పక్షి కాలికి చుట్టుకొన్న నైలాను తనంతట తాను ఊడదు, కుళ్ళదు.

దూరముగా విసరుటకు రీలు మేలని మేమొప్పుకొందుము. కోవళము అలలలో చేతిగాలము ఎంత దూరము పోవును? కాని దూరము విసరుట మన యాత్రకు అవసరము కాదు. ఎక్కడ వేయవచ్చునో తెలిసికొనుట అవసరము. ఈ సరస్సున మత్స్యకారులకు 'పాడు' అను కట్టుబాటు కలదు. ఏ చోట ఎవరు ఏనాడు వల వేయవలెనో వంతులు నిర్ణయింపబడి యుండును. సరస్సున పక్షుల రక్షిత ప్రాంతములును కలవు. కావున ముందు పల్లెపెద్దలను, అవసరమైనచోట అటవీశాఖవారిని అడిగి, వారు చూపిన చోటనే కూర్చుండవలెను. దారిలో ఎన్నూరు వాగు కనబడినదని అచ్చట గాలము వేయవలదు. 2023 డిసెంబరు వరదలలో ఆ వాగుపై నూనె తెట్టె కట్టిన దృశ్యము మన కన్నులయెదుట ఇంకను ఉన్నది.

మఱియొకటి. మన తరగతులలో కడలిపై బ్రతుకు ఇండ్ల పిల్లలున్నారు. వారు పరీక్షలలో వెనుకబడినను, దారము చుట్టుటలో, జెల్లచేప ముల్లు గ్రుచ్చుకొనకుండ పట్టుటలో వారే గురువులు. ఖరీదు కర్ర తెచ్చినవాడు నాయకుడగుటకంటె, ముడి వేయ నేర్పినవాడు నాయకుడగుట మాకిష్టము. భాష సంగతియు నిదే. మన పిల్లలకు తూండిల్ తెలియును, గాలము తెలియదు. మడవై తెలియును, కొయ్యింగ తెలియదు. కొడువాను తినుచు పండుగప్ప యననేమని యడుగుదురు. ఆ తమిళపు మాటలు చక్కనివే, వానిని విడువుమనుట లేదు. రెండవ మాటయు నోట నుండవలెనని మా కోరిక. బెండు, ఎర, గాలము అను మాటలు నిఘంటువులో వల్లించిన నిలువవు. వ్రేళ్ళకు తడి తగిలినచో నిలుచును.

ఆ తండ్రిగారి కుమారునికి మేమొక పట్టిక వ్రాసి యిచ్చితిమి. మూత గట్టిగానుండు రేకు డబ్బా. అందు దారము, కొనలను బెండున గ్రుచ్చిన ఆరు గాలములు, రెండు ఇనుప నట్టులు, దారము కోసికొనకుండ వ్రేలికి చుట్టుకొను గుడ్డపీలిక. గాలముల ఎదురుముల్లును శ్రావణముతో ముందే నొక్కివేయవలెను. చేపకును, ప్రక్కవాని చెవికిని అది మేలు. ఎర మోయనక్కరలేదు, రొయ్య అచ్చటనే దొరకును. మేము కొన్నపుడు అన్నియు కలిపి రెండువందల రూపాయలు దాటలేదు. డబ్బా ఇంటిలో ఉన్నదట. పప్పు డబ్బా యని తల్లి గొణుగుచున్నదని మరునాడు వాడే వచ్చి చెప్పినాడు.