వంటింటి గడియారం ఏం చెబుతోంది?

ఈమధ్య ఏ కుటుంబ కూటానికి వెళ్లినా, ఏ స్త్రీల సదస్సుకు వెళ్లినా ఒక మాట తప్పకుండా వినబడుతోంది. కాలం చెడిపోయింది, లోకం ఇంట్లోకి వచ్చేసింది, ఇల్లాలి చేతికి ఫోను వచ్చాక కుటుంబ ప్రార్థన మూలకు పడింది అని. ఆ మాట అనే దైవజనులు మన మేలు కోరే అంటున్నారు. అందులో నిజమూ ఉంది, మేము కాదనం. అయితే జగదేవ్‌పూర్ పల్లెల్లో పొయ్యి ముందు నిలబడి ఆ మాట వినే విశ్వాస గృహిణులుగా మేము ఇంకొక మాట అడగాలనుకుంటున్నాం. ఇంట్లో ప్రార్థనకు సమయం లేకుండా పోయిందంటున్నారు, సరే. ఎవరి సమయం ఎక్కడికి పోతోందో సంఘం ఎప్పుడైనా లెక్క చూసిందా?

ఆ లెక్క చూడకుండా ఆధునిక సంస్కృతి మీద చేసే ప్రసంగం సగం ప్రసంగమే.

ముందు మా ఊరి సంగతి. భువనగిరి నుంచి గజ్వేల్ వెళ్లే దారిలో ఉంటుంది జగదేవ్‌పూర్. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మాది మెదక్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. 2020 మే నెలలో మాకు దగ్గర్లోనే 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ ప్రారంభమైంది. బోరును, మబ్బును నమ్ముకున్న నేల పక్కకు గోదావరి నీళ్లొచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపించి గజ్వేల్ ఆసుపత్రికి, సిద్దిపేటకు, బిడ్డ అత్తగారింటికి వెళ్లి వస్తున్నాం. ఇక ట్రిపుల్ ఆర్. ఆ వలయ రహదారి ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా వెళ్లేలా గీశారు. రోడ్డు రాకముందే దాని మాట వచ్చింది, మాటతో పాటు వెంచర్ల బోర్డులు వచ్చాయి.

అంటే లోకం మా ఇంట్లోకి ఫోను ఒక్కదాని గుండానే రాలేదు. నీళ్ల వెంట, బస్సు వెంట, రోడ్డు వెంట, ఎకరం రేటు వెంట వచ్చింది. ఇందులో కొన్ని మాకు మేలు చేశాయి, కొన్ని మమ్మల్ని భయపెడుతున్నాయి. కానీ ఆరాధనలో మందలింపు వచ్చినప్పుడు మాత్రం ఇల్లాలి ఫోను గురించే వస్తుంది. పొలం అమ్మిన డబ్బు గురించి, ఆ డబ్బు ఎవరిని అడిగి ఖర్చు పెట్టారన్న దాని గురించి అంత గట్టిగా వినబడదు.

ఇప్పుడు సమయం లెక్క. జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో మరోసారి దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు దాటినవారిలో జీతం లేని ఇంటి పని చేసే స్త్రీ 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడిపింది. అదే పని చేసే పురుషుడు 97 నిమిషాలు గడిపాడు. 2024కు వచ్చేసరికి స్త్రీకి 289, పురుషుడికి 88. గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, కొన్ని ఇళ్లలో బట్టలుతికే మిషనూ వచ్చింది. అయినా ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి తగ్గింది, అంతే. స్త్రీకి తగ్గిన పది నిమిషాల్లో పురుషుడు పంచుకున్నవి లేవు, అతని వంతు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. పైగా ఇవి ఆ పనిలో చెయ్యి పెట్టినవారి సగటులు. 2019 సర్వే రోజున అసలు ఇంటి పనిలో చెయ్యి పెట్టిన స్త్రీలు నూటికి 81 మంది అయితే, పురుషులు 26 మంది.

ఈ అంకెలను ముందుగా పట్టించుకున్నది సంఘం కాదు, న్యాయస్థానం. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పిల్లలకు పరిహారం ఎంత అన్న కేసులో 2021 జనవరి 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తన అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్ల మంది, పురుషులు 58 లక్షల లోపు అని ఆయన ఎత్తిచూపారు. ఇల్లాలు పని చేయదు, ఇంటికి ఆర్థికంగా ఏమీ కలపదు అన్న ఆలోచన తప్పనీ, ఆమె పనికి విలువ కట్టడం ఆమె గౌరవాన్ని గుర్తించడమేననీ ఆయన చెప్పిన సారాంశం. అంతకు పదకొండేళ్ల ముందు, 2010లో, ఇదే సుప్రీంకోర్టు మరో కేసులో జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీలతో పాటు పని చేయనివారి వరుసలో చేర్చడాన్ని తప్పుపట్టింది.

మా సంఘాల్లో ఏం జరుగుతోంది? మే నెలలో మాతృ దినోత్సవం నాడు సామెతలు 31వ అధ్యాయం చదువుతాం. తల్లులను నిలబెట్టి చప్పట్లు కొడతాం. ఆ పూట భోజనం వండేది మళ్లీ ఆ తల్లులే. ఆ అధ్యాయాన్ని నిదానంగా చదివితే ఇంకొన్ని సంగతులు కనబడతాయి. ఆ ఇల్లాలు వడుకుతుంది, వండుతుంది, నిజమే. కానీ ఆమె పొలాన్ని చూసి, ఆలోచించి కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట నాటుతుంది. నేసినవి వర్తకులకు అమ్ముతుంది. చివర్లో ఆమె పనులకు ఘనత దక్కేది ఊరి గుమ్మం దగ్గర, పెద్దలు కూర్చుని తీర్పు చెప్పే చోట. వంటింట్లో మెచ్చుకుని అక్కడే వదిలేయమని వాక్యం చెప్పలేదు.

ట్రిపుల్ ఆర్ కింద పొలం పోయినా, వెంచరుకు అమ్మినా, ఆ మాట తేలే చోట మా ఆడవాళ్లు ఎంతమంది కూర్చుంటున్నారు? చాలా ఇళ్లలో సంతకం పెట్టాక తెలుస్తుంది, డబ్బు అయిపోయాక తెలుస్తుంది. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా భర్త చనిపోతే, పిల్లలు ఉన్నప్పుడు భార్యకు మూడో వంతు వస్తుంది. మిగిలినది పిల్లలకు సమానంగా పంచాలి, కొడుకు, కూతురు అన్న తేడా లేదు. ఈ సంగతి ఎన్ని సంఘాల్లో ఒక్కసారైనా చెప్పారు? లోకాచారాన్ని అనుసరించవద్దని బోధించే మనం, ఆడబిడ్డకు భాగం లేదనే లోకాచారాన్ని మాత్రం గడప దగ్గర ఆపలేదు.

ఇక ఫోను సంగతి. ఇది మా ఒప్పుకోలు. పిల్లలను బడికి పంపి, బోళ్లు తోమి, కాసేపు కూర్చుంటే చెయ్యి దానికదే ఫోను వైపు పోతోంది. ఒక్క వీడియో అనుకున్నది అరగంట అవుతోంది. పాస్టరమ్మగారి ప్రార్థన వాట్సాప్‌లో విన్న నోటితోనే, అదే గ్రూపులో వచ్చిన చాడీని ముందుకు పంపుతున్నాం. ఇతరుల కొత్త ఇల్లు, కొత్త చీర, పెళ్లి ఆల్బమ్ చూసి మన ఇంటి మీద మనకే అసంతృప్తి పుడుతోంది. దీన్ని పాపమని పిలవడానికి మాకు అభ్యంతరం లేదు. కానీ ఫోనులో దాక్కునే చెయ్యి తరచుగా అలసిపోయిన చెయ్యి. రోజులో తనదంటూ ఉన్న సమయం ఆ అరగంటే అయినప్పుడు, అది కూడా తీసేయండి అని చెప్పడం కంటే, ఆమె మరో గంట మిగుల్చుకునేలా చేయడం మంచి కాపరి పని.

ఫోనుతో ఇంటికి వచ్చిన పెద్ద ప్రమాదం వీడియోలు కావు, డబ్బు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలకు నిషేధం ఉంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన అప్పులు తీరవు. బీరువాలో పుస్తెలతాడు కనబడనప్పుడు, చిట్టీ డబ్బు లెక్క తేలనప్పుడు ఆ సంగతి ముందు తెలిసేది ఇల్లాలికే. 2020 చివర్లో రుణ యాప్‌ల వేధింపులు భరించలేక మన రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. వేధింపుల కంటే ముందు వారిని కుంగదీసింది సిగ్గు. అప్పు సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక పోవడం. ప్రార్థన మనవుల్లో జ్వరం చెబుతాం, పరీక్షలు చెబుతాం, పెళ్లి సంబంధం చెబుతాం. అప్పు చెప్పం. చెబితే వచ్చే ఆదివారానికి ఊరంతా తెలుస్తుందని భయం. ఆ భయం తప్పని సంఘం రుజువు చేయగలదా అన్నది మా దృష్టిలో ఫోను కంటే పెద్ద ప్రశ్న.

కొత్తదంతా చెడ్డదని అనే ముందు మన చరిత్రను కూడా గుర్తు చేసుకుందాం. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి నూరేళ్లు నిండడం 2024లో చూశాం. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని, తిండి చూపించడానికి పోస్నెట్ దొర ఆ కట్టడాన్ని తలపెట్టిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. ఆ కాలంలో తెలుగు పల్లెల్లో బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగేవారు. మగవాళ్లకు ప్రవేశం లేని వంటిళ్లలోకి వాక్యాన్ని, దానితో పాటు అక్షరాన్ని తీసుకెళ్లింది వాళ్లే. ఆడపిల్ల చేతికి పలక ఇస్తే కాపురం చెడుతుందని ఊరు భయపడిన రోజులవి. అప్పటి ఊరికి ఆధునిక సంస్కృతి అంటే మన సంఘమే. మా అమ్మమ్మలు బైబిలు చదవగలిగారంటే, ఆ భయానికి లొంగని స్త్రీలు ఉన్నందువల్లే.

కొందరు పెద్దలు అంటారు: ఇల్లాలి సేవ ప్రేమతో చేసేది, నిమిషాల్లో కొలిస్తే కూలి పని అయిపోదా? ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోం. పిల్లవాడి జ్వరానికి రాత్రంతా మేలుకున్నప్పుడు ఏ తల్లీ గంటలు లెక్కపెట్టదు. కానీ ప్రేమించేవాడు ఎదుటివారి అలసటను లెక్కపెడతాడు. తన కష్టాన్ని లెక్కపెట్టకపోవడం ప్రేమ. ఎదుటివారి కష్టాన్ని లెక్కపెట్టకపోవడం నిర్లక్ష్యం. యోహాను 21వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువు రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యుల కోసం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, తినమని పిలిచాడు. మరణాన్ని జయించినవాడికి పొయ్యి ముందు కూర్చోవడం చిన్నతనం అనిపించలేదు.

అందుకే మా సంఘాలకు కొన్ని మనవులు. కుటుంబ ప్రార్థన నిలబడాలంటే రాత్రి వంట తర్వాతి పనిలో భర్త, కొడుకు చెయ్యి వేయాలి, అప్పుడు అందరూ కలిసి మోకరించవచ్చు. ప్రార్థన వేళ ఫోన్లన్నీ ఒక గంపలో పెట్టాలి, ఇంటి పెద్ద ఫోను మొదట పడాలి. క్రిస్మస్‌కు, కోత పండుగకు వంట మనుషులు ఆరాధన బయట ఉండిపోకుండా వంతులు వేయాలి, ఆ వంతుల్లో పురుషులూ ఉండాలి. గుట్టు దాచగల ఇద్దరు పెద్దమ్మలను అప్పుల బాధ వినడానికి సంఘం నియమించాలి. ఆన్‌లైన్ మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలని ప్రకటనల్లో చెప్పాలి. పొలం అమ్మకం గానీ, పరిహారం గానీ ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాకే తేల్చుకోవాలని కాపరులు వేదిక మీద నుంచి బోధించాలి. సంఘ కమిటీలో స్త్రీలు పేరుకు కాక, కానుకల లెక్క చూసే చోట కూర్చోవాలి. పది రూపాయలతో వారం గడపడం తెలిసినవారికి ఆ లెక్క కష్టం కాదు.

లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన గొర్రె గురించి, తప్పిపోయిన కుమారుడి గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ రెంటి మధ్యలో ఒక ఇల్లాలు ఉంది. పది నాణేల్లో ఒకటి పోయిందని ఆమెకు తెలిసింది, ఎందుకంటే ఆమె లెక్క చూసుకుంది. దీపం పెట్టి, చీపురు పట్టి, దొరికేదాకా ఇల్లంతా వెదికింది. పోయినవారిని వెదికే దేవుడి మనసు ఎలాంటిదో చెప్పడానికి ప్రభువు ఆ ఇల్లాలినే చూపించాడు. మన ఇళ్లలో పోయినది ఏమిటో, ఎవరి వల్ల పోయిందో అని వేలు చూపించుకునే ముందు, ఈ వారం ప్రతి ఇంట్లో ఒక దీపం పెట్టి లెక్క చూసుకుందాం. చీపురు మాత్రం ఈసారి మా చేతిలోనే ఉండనక్కర్లేదు.