నాజిల్‌కు రంధ్రాలు పెంచితే పేటెంటు ఇచ్చేయడమేనా?

మందు కొట్టే పంపు చివర ఉండే నాజిల్ మన బొటనవేలంత ఉండదు. అయినా మనం డబ్బు పోసి కొన్న మందు ఆకుమీద పడిందా, నేలపాలయిందా అన్నది తేల్చేది అదే. ఆ చిన్న ముక్కమీద ఎవరికి ఎంత హక్కు ఇవ్వాలన్నది పేటెంటు కార్యాలయంలో ఒక బల్ల దగ్గర, కాగితాల మీద తేలుతుంది. అక్కడ తేలిన మాటకు ఇరవై ఏళ్లపాటు ధర కట్టేది ఎకరం, రెండెకరాల రైతే. అందుకని ఈ వారానికి పురుగునీ ఎరువునీ పక్కనపెట్టి పేటెంటు పరీక్ష సంగతి చెప్పుకుందాం. "ఈ లాయర్ల గొడవ మనకెందుకులెండి" అని పేజీ తిప్పేయకండి.

చిన్న మోతాదు, పెద్ద అవసరం

పత్తి రైతులకు కాండానికి మందు పూయడం కొత్త కాదు. రసం పీల్చే పురుగులకు పైరంతా మందు కొట్టే బదులు లేత కాండం మీద కొద్దిగా పూస్తే మందు కలిసొస్తుంది, ఖర్చు కలిసొస్తుంది, మిత్రపురుగులూ బతుకుతాయి. కాకపోతే మొక్క మొక్కకూ వంగి పూయాలంటే నడుములు పోతాయి. కూలీలు దొరకరు. అందుకే ఎవరి తెలివి వారు వాడారు. కర్రకు గుడ్డ చుట్టినవారున్నారు. ప్లాస్టిక్ సీసాకు బ్రష్షు బిగించినవారున్నారు. జీవాలు కాసేవారి దగ్గర నట్టల మందు తాగించే గన్ను ఉంటుంది. ఒక్క నొక్కుకు ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్కగా పడుతుంది. వీటన్నిటి లక్ష్యం ఒక్కటే: కొంచెం మందు, కావలసిన చోట, ప్రతిసారీ ఒకే మోతాదులో పడాలి.

ఇప్పుడు ఒక కంపెనీ "అనేక రంధ్రాలున్న నాజిల్, కొద్ది కొద్దిగా ద్రవాన్ని వదులుతుంది" అంటూ పేటెంటుకు దరఖాస్తు పెట్టిందనుకుందాం. ఇవ్వాలా, వద్దా?

తొందరపడి అవుననీ కాదనీ అనకూడదు. రంధ్రం వ్యాసం సగం చేస్తే దాని వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే ఒక మిల్లీమీటరు రంధ్రం ఒక్కటి ఉన్నచోట అర మిల్లీమీటరువి నాలుగు పెడితే వైశాల్యం సరిసమానం. ధార సన్నబడుతుంది, చుక్క చిన్నదవుతుంది. అంతవరకూ ఏ లేత్ షాపు మేస్త్రీని అడిగినా చెబుతాడు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. సన్న రంధ్రంలో మందు పొడి, నీటిలోని ఇసుక త్వరగా ఇరుక్కుంటాయి. ఒకటి పూడిపోతే మిగతా వాటిలోంచి ఎక్కువ కారవచ్చు. ఒక మొక్కకు మందు ఎక్కువై మాడిపోతుంది, పక్కదానికి అందదు. నొక్కడం ఆపాక కూడా చుక్కలు కారుతూనే ఉంటాయి. ఈ చిక్కుల్ని విప్పే ఉపాయం ఎవరైనా నిజంగా కనిపెడితే అది గొప్ప పనే. ఆ ఉపాయానికి హక్కు ఇవ్వాలి. కానీ ఉపాయం ఒకటైతే, "రంధ్రాలు ఎక్కువున్న ప్రతి నాజిలూ నాదే" అని రాసుకుంటే ఒప్పుకోకూడదు. ఈ రెంటికీ మధ్య గీత గీయడమే పేటెంటు పరీక్ష.

పరిశీలనాధికారి ఏం చూస్తాడు?

మన దేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం నడుస్తోంది, మధ్యలో కొన్ని సవరణలు జరిగాయి. అధికారి మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. ఇది కొత్తదేనా? ఆ పని తెలిసినవాడికి తేలిగ్గా తట్టనిదేనా? పరిశ్రమలో తయారు చేసి వాడుకోదగినదేనా? ఈ మూడూ దాటినా ఇంకో జల్లెడ ఉంది. అది చట్టంలోని మూడో సెక్షను. వేటికి పేటెంటు ఇవ్వకూడదో అందులో వరసగా రాసి ఉంది.

అందులో రెండు మాటలు మనం గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, తెలిసిన పరికరాలనే పక్కపక్కన పేర్చినా, అటూ ఇటూ మార్చినా, ఒకటికి రెండు చేసినా, ఏది దాని పాత పని అది చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదు. రెండు, వ్యవసాయ పద్ధతికీ తోటల పెంపక పద్ధతికీ పేటెంటు లేదు. కాబట్టి కాండానికి మందు పూసే "పద్ధతి" ఎవరి సొత్తూ కాలేదు. పూసే "పరికరం" మాత్రం కావచ్చు. ఈ తేడా తెలియకనే చాలామంది భయపడతారు.

నారుమడికి నీళ్లు చల్లే రోజ్ క్యాన్ మూతి చూడండి. దానికి ఎన్ని రంధ్రాలు! అది మన తాతల నాటిది. కాబట్టి రంధ్రాలు ఎక్కువ ఉండటమే కొత్త అని ఎవరూ అనలేరు. రంధ్రాల కోణం, వెనకనున్న జల్లెడ, కారకుండా ఆపే కవాటం లాంటి చోట్ల కొత్తదనం ఉంటే ఉండాలి. దరఖాస్తు చివర "మేము కోరే హక్కు ఇదీ" అని రాసే వాక్యాలుంటాయి. వాటిని క్లెయిములంటారు. చట్టం చూసేది వాటినే. అధికారి గట్టిగా పరీక్షిస్తే క్లెయిము బిగిసి చిన్నదవుతుంది. మెతకగా వదిలేస్తే దున్నిన చేలో గట్లు చెరిపినట్టు పక్కవాడి భూమీ కలిపేసుకుంటుంది.

నోటిమాటా సాక్ష్యమే, కానీ...

అసలు సంగతికి వద్దాం. పరిశీలనాధికారి పాత పేటెంట్లు, పత్రికలు, పుస్తకాలు వెతుకుతాడు. మీ ఊళ్లో రేకుల పనివాడు చేసిచ్చిన నాలుగు మూతుల గొట్టం ఆ వెతుకులాటలో దొరుకుతుందా? దొరకదు. ఎందుకంటే అది ఎక్కడా రాసి లేదు.

చట్టం మాత్రం మనకు తలుపు మూసేయలేదు. దరఖాస్తు మామూలుగా 18 నెలల తర్వాత పేటెంట్ల జర్నల్‌లో అచ్చవుతుంది. ఆ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. అచ్చయ్యాక, పేటెంటు ఇచ్చేలోపు 25వ సెక్షను కింద ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. కంపెనీయే కానక్కర్లేదు, రైతైనా పెట్టవచ్చు. ఇచ్చేశాక కూడా ఆ సంగతి జర్నల్‌లో అచ్చయిన ఏడాదిలోపు, ఆ వ్యవహారంతో సంబంధమున్నవారు వ్యతిరేకించవచ్చు. ఇది దేశంలో అప్పటికే జనానికి తెలిసినది, వాడుకలో ఉన్నది అని చూపించవచ్చు. అంతేకాదు, స్థానిక సమాజంలో నోటిమాటగా ఉన్న జ్ఞానం కూడా అభ్యంతరానికి ఆధారమవుతుందని ఆ సెక్షనులోనే ఉంది.

అయితే "మా నాయన కాలం నుంచీ వాడుతున్నాం" అంటే చాలదు. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎలాంటిది అన్నదానికి రుజువు కావాలి. పసుపు కథ గుర్తుందా? పసుపుతో గాయాలు మానడంపై అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. మన ఇంట్లో ముసలమ్మకు తెలిసిన సంగతే అది! కానీ ముసలమ్మ మాటతో అది రద్దు కాలేదు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత సంస్కృత గ్రంథాన్నీ, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ, ఇంకా ఎన్నో కాగితాల్నీ ముందు పెట్టాకే 1997లో రద్దయింది. వేప మీద 1994లో ఇచ్చిన యూరప్ పేటెంటు 2000లో రద్దయినా, అప్పీలు కూడా ముగిసి అది పూర్తిగా పోయేసరికి 2005 వచ్చింది. పసుపుకీ వేపకీ దేశమంతా కదిలింది. మండల కేంద్రంలో లేత్ షాపువాడు చేసిన నాజిల్‌కు ఎవరు కదులుతారు? మనమే కదలాలి.

హక్కు మనకూ రావచ్చు

పేటెంటు అంటే కంపెనీవాడి కత్తి అని ఒక మాట బాగా నాటుకుపోయింది. అది సగం నిజం. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేసిన చేనేత కుటుంబీకుడు. ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. దానికి పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంటు పనుల్లో సాయపడేందుకు 2000లో కేంద్రం ఆధ్వర్యంలో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పుట్టింది. మన వైపు పల్లెసృజన అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటివారిని వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతోంది.

రుసుము కూడా అందరికీ ఒకటి కాదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు పెద్ద కంపెనీ 8,000 రూపాయలు కడితే మామూలు మనిషి 1,600 కడితే చాలు. పరీక్ష కోసం విడిగా అడగాలి, దానికి వారు 20,000, మనం 4,000. అడగకపోతే ఆ దరఖాస్తు అక్కడే చచ్చిపోతుంది. 2024 మార్చి 15 నుంచి పెట్టినవాటికి ఈ గడువు 31 నెలలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. పేటెంటు మీకే కావాలనుకుంటే ముందు దరఖాస్తు పెట్టాలి, తర్వాతే నలుగురికీ చూపాలి. సంతలో అమ్మేసి, పేపర్లో ఫొటో వేయించుకుని ఆనక దరఖాస్తు పెడితే మీ ప్రచారమే మీకు అడ్డం తిరుగుతుంది. నమూనా పూర్తికాకపోతే తాత్కాలిక వివరణతో పెట్టి, 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వవచ్చు. పేటెంటు వద్దు, అందరూ వాడుకుంటే చాలు అనుకుంటే మాత్రం తారీఖుతో సహా ఎంత ఎక్కువ చోట్ల అచ్చయితే అంత మంచిది. ఈ రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. రెండూ వదిలేసి గమ్మున కూర్చుంటే ఎవరో మూడోవాడు తన్నుకుపోతాడు.

షాపులో మోసపోవద్దు

"ఇది పేటెంటు సరుకండీ, అందుకే ధర ఎక్కువ" అంటే వెంటనే తలాడించకండి. పేటెంటు నంబరు అడగండి. ఆ నంబరు పట్టుకుని పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా వివరాలు చూడవచ్చు. మీకు రాకపోతే చదువుకునే పిల్లల్ని చూడమనండి. ఏటేటా కట్టాల్సిన రుసుము కట్టకపోతే పేటెంటు గడువుకు ముందే పోతుంది. అది పోయినట్టు తేలితే ఆ వస్తువు ఎవరైనా చేసుకోవచ్చు. అమెరికాలోనో చైనాలోనో మాత్రమే ఉన్న పేటెంటు ఇక్కడ చెల్లదు. లేని పేటెంటు ఉందని, పెట్టని దరఖాస్తు పెట్టామని చెప్పి అమ్మితే చట్టప్రకారం పది లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇక ఒక్క మాట: పేటెంటు ఉల్లంఘన సివిల్ వ్యవహారం. పోలీసుల్ని పిలుస్తామని లేత్ షాపువాణ్ణి ఎవరైనా బెదిరిస్తే భయపడనక్కర్లేదు. అలాగని అమల్లో ఉన్న పేటెంటును కాపీ కొట్టి అమ్మడమూ తగదు. కోర్టు నష్టపరిహారం వేయగలదు.

ప్రభుత్వానికి చెప్పాల్సింది

రైతును జాగ్రత్తపడమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. దరఖాస్తులు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చూసే కార్యాలయం చెన్నైలో ఉంది. తెలుగు తప్ప తెలియని రైతు జర్నల్ చదివి అభ్యంతరం పెడతాడనుకోవడం ఎండమావిలో చేపలు పట్టడమే. పైగా ఇదివరకు ఉచితంగా పెట్టుకోగలిగిన అభ్యంతరానికి 2024లో రుసుము పెట్టారు. ఊరికే అడ్డుపడేవారిని ఆపడానికి అన్నారు. నిజమే, అలాంటివారూ ఉన్నారు. కానీ ఆ దెబ్బ చిన్న రైతుకూ తగిలింది. రైతులకూ రైతు సంఘాలకూ ఆ రుసుము మాఫీ చేయాలి.

పలు జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. రైతులు సొంతంగా చేసుకున్న పరికరాలను ఫొటో, కొలతలు, తారీఖుతో నమోదుచేసే పుస్తకం ఒకటి అక్కడ పెట్టాలి. పేటెంటు కోరని వాటిని ఏటా అచ్చువేసి పేటెంటు కార్యాలయానికి పంపాలి. కోరేవారి వివరాలు దరఖాస్తు పడేదాకా బయటపెట్టకూడదు. జర్నల్‌లో వ్యవసాయ పనిముట్లకు సంబంధించిన దరఖాస్తులు వచ్చినప్పుడు వాటి సారాంశం తెలుగులో చెప్పే బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఇంజనీరింగ్ విభాగాలు తీసుకోవాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు, ఒక మనిషి, ఒక బీరువా, కొంచెం శ్రద్ధ చాలు.

అందాకా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్లో ఎవరైనా పంపుకో, నాగలికో, గొర్రుకో కొత్త ఏర్పాటు చేస్తే, పేటెంటు కావాలో వద్దో ఆయన్నే అడగండి. కావాలంటే నోరు మెదపకుండా దరఖాస్తుకు సాయపడండి. వద్దంటే ఫొటో తీయించి, ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎలా పనిచేస్తుందో రాసి, కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక కాపీ, మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. పొలానికి పాసుపుస్తకం భద్రంగా పెట్టుకుంటాం కదా. మన తెలివికి కూడా అలాంటి కాగితం ఒకటి ఉండాలి.