వాక్చికిత్స ఎవరి పక్షం?

నార్సింగిలో నిలబడి చూస్తే నలుదిక్కులా అద్దాల మేడలు. ఆ మేడల్లో కొలువు కావాలంటే ముందు మాట అమ్ముకోవాలి. అదీ తడబడని మాట. నా విద్యార్థి ఒకడు రాతపరీక్ష నెగ్గి, ఇంటర్వ్యూలో తన పేరు దగ్గరే ఆగిపోయాడు. అవతలివారు ఆ పేరు తామే పూర్తిచేసి, అతన్ని పంపించివేశారు. వారిని నిందించే ముందు నేను ఒప్పుకోవలసింది వున్నది. మూడేళ్లు తరగతిలో అతన్ని ప్రశ్న అడగకుండా దాటవేసినవాణ్ణి నేనే. దాన్ని దయ అనుకున్నాను.

నత్తిగలవారికి సాయపడే వాక్చికిత్సకుల చదువు మనకు కొత్తది కాదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో వెలసింది. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమున్నది. ఆ చదువు ఎవరి పక్షాన నిలవాలన్నదే ప్రశ్న.

నూరు అక్షరాలకు ఎన్ని తడబాట్లో లెక్కించడం వాక్చికిత్స విద్యార్థి నేర్చుకుంటాడు. నేర్వవలసిందే, కొలత లేనిదే శాస్త్రం లేదు. కాని నత్తిగల మనిషి తన వూరి పేరు పలకలేక పక్క వూరికి టిక్కెట్టు కొంటాడు. లెక్క ప్రకారం తడబాటు సున్న! బతుకు ప్రకారమో? అమెరికా మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్ నత్తిని మంచుకొండతో పోల్చింది ఇందుకే: పైకి కనిపించేది కొంచెం, నీటిలో మునిగిన సిగ్గూ భయమూ అధికం.

"శాస్త్రం వేరు, సానుభూతి వేరు" అనే పెద్దలున్నారు. వారు 1939 నాటి అయోవాను తలచుకోవాలి. అక్కడ నత్తి లేని కొందరు అనాథ పిల్లలకు నత్తి పట్టుకుంటున్నదని చెప్పారు. పిల్లలు మాట్లాడడమే తగ్గించుకున్నారు. ఆ ప్రయోగం జరిపింది ఒక విద్యార్థిని, తన ఎం.ఎ. పట్టా కోసం. నడిపించిన ఆచార్యుడు వెండెల్ జాన్సన్, ఆయనకూ నత్తే! విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకున్నది 2001లో. స్వానుభవం వున్నంత మాత్రాన గురువు కళ్లు తెరుచుకోవు. పిల్లల పట్ల బాధ్యత గూడా పాఠంలో భాగం కావాలి.

కనుక మనం కోరవలసినవి మూడు. వాక్చికిత్స విద్యార్థి బజారుకు పోయి, కావాలని నత్తితో మాట్లాడి సరుకు కొనాలి. దుకాణదారు చూపు తిప్పుకోవడం తనకు తగలాలి. నత్తిగలవారు రోగులుగా గాక, జీతం తీసుకునే బోధకులుగా తరగతికి రావాలి. ఎంత ధారాళంగా పలికించాడన్నదానికే గాక, ఎంత ఓపికగా విన్నాడన్నదానికి గూడా విద్యార్థికి మార్కులుండాలి.

ఇవి పాఠ్యప్రణాళికలో చేరేదాకా పోరాడుదాం. ఈలోగా అధ్యాపకులమైన మనం చేయగలిగింది వొకటున్నది: ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగడం.